ముడి విప్పిన సాయంత్రాలు

ఆ ఉదయం త్రినాథ్‌కి పళ్లు తోముకోవడానికి చాలాసేపు పట్టింది. హైమవతి వంటింట్లోంచి రెండుసార్లు తొంగి చూసింది. అతను అద్దం ముందు నిలబడి, చేతిలో బ్రష్షుని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు.

"ఏ వైపు నుంచి మొదలుపెట్టేవాణ్ణి హైమా?" అని అడిగాడు.

"నన్నడిగితే? పళ్లు మీవి."

"తెలీడం లేదు. కుడివైపా, ఎడమవైపా?" అని నవ్వాడు. "ఈ పేస్టు ఇంత ఘాటుగా ఉంటుందా? ఎన్నేళ్ల నుంచి వాడుతున్నాం ఇది?"

హైమవతి గరిట పక్కన పెట్టి వచ్చి గుమ్మంలో నిలబడింది. అతని కుడిచెవి వెనక రూపాయి బిళ్లంత పరికరం చర్మానికి అతుక్కుని ఉంది. విశాఖపట్నంలో కొండవాలున ఉన్న చిన్న పరిశోధనాలయంలో ఆమె ఏళ్ల తరబడి పడిన కష్టమంతా ఆ బిళ్లలో ఉంది. దానికి 'తొలిచూపు' అని పేరు పెట్టింది మాత్రం కూతురు ఇందుజ.

మనిషి ఒక పనిని మళ్లీ మళ్లీ చేస్తే మెదడు దాన్ని మూటగట్టి లోపలెక్కడో పడేస్తుంది. ఆ తర్వాత ఆ పని మనం చెయ్యం, మూటే చేసుకుపోతుంది. చెవికి వినపడని ధ్వని తరంగాలతో ఆ మూట ముడిని వదులు చేస్తుంది ఈ బిళ్ల. మరిచిపోవడం ఉండదు. బ్రష్షంటే ఏమిటో తెలుసు, తోమడం తెలుసు. చెయ్యి తనంతట తాను నడిచే దారి మాత్రం చెరిగిపోతుంది. ల్యాబులో ఎలుకలు అలవాటైన సొరంగంలో గుడ్డిగా పరిగెత్తేవి. బిళ్ల పనిచెయ్యడం మొదలవగానే ప్రతి మలుపులోనూ ఆగి, మీసాలు ఆడిస్తూ, గోడలు వాసన చూశాయి. ఆ రోజు ల్యాబంతా చప్పట్లు కొట్టింది.

హైమవతి ఈ పని ఇంత పట్టుదలగా చెయ్యడానికి కారణం ఎలుకలు కావు. ఒక సాయంత్రం ఇందుజని ట్యూషన్ నుంచి కారులో తీసుకొస్తోంది. పిల్ల దారంతా ఏదో చెబుతూనే ఉంది. గేటు దగ్గర దిగుతూ, "నేనేం చెప్పానో చెప్పు చూద్దాం" అంది. హైమవతికి ఒక్క మాటా గుర్తురాలేదు. కారు నడిపిన దారి కూడా గుర్తులేదు.

"ఫర్లేదులే అమ్మా. నాన్నా అంతేగా" అని పిల్ల లోపలికి వెళ్లిపోయింది.

లోపల నాన్న ఇస్త్రీ చేస్తున్నాడు. త్రినాథ్ ఓడల మరమ్మతు యార్డులో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు. రోజూ సాయంత్రం డ్యూటీ దిగి, స్నానం చేసి, బల్ల మీద దుప్పటి పరిచి ఇస్త్రీపెట్టె పట్టుకునేవాడు. చొక్కాలూ చీరలే కాదు, దిండు గలీబులు, తువ్వాళ్లు, ఆఖరికి వంటింటి మసిగుడ్డలు కూడా మడత నలగకుండా చేసేవాడు. ఆ గంటన్నరా ఎవరేం మాట్లాడినా "ఊఁ" తప్ప జవాబు ఉండేది కాదు. హైమవతికి ఆ "ఊఁ" వింటే ఒళ్లు మండేది. ఈ మనిషి ఇంట్లో ఉండీ లేడనుకునేది.

ముందు బిళ్లని తనమీదే పరీక్షించుకుంది. మొదటిరోజే ఇందుజ మోచేతి మీద కాలిన మచ్చ చూసి ఉలిక్కిపడి, "ఇదెప్పుడయిందే?" అంది. "ఆరో క్లాసులో. నువ్వే మందు రాశావు కదా" అంది పిల్ల. హైమవతి ఆ మచ్చ మీద వేలు పెట్టి చాలాసేపు ఉండిపోయింది. బిళ్ల తీసేశాక కొద్దిరోజుల్లోనే ఆమె చేతులు, కాళ్లు పాత దారిలో పడ్డాయి. ప్రమాదం లేదని రూఢి అయింది. మనుషుల మీద అసలు పరీక్ష మొదలైంది.

త్రినాథ్ తనే ముందుకొచ్చాడు. "నేనూ చూస్తాను హైమా. నీ కూతురు నన్ను గోడ అంటోంది" అన్నాడు.

వివరాలు రాసుకుంటున్నప్పుడు పాత అలవాట్ల ప్రశ్న వచ్చింది. ఇందుజ బడిలో చేరిన ఏడాదే త్రినాథ్ తాగుడు మానేశాడు. అంతకు ముందు రోజులు హైమవతి తలుచుకోవడానికి ఇష్టపడేది కాదు. ఉన్నది ఉన్నట్టు డైరెక్టరు జోసఫ్ సుందర్రావు గారికి చెప్పింది.

"మానేసి ఇన్నేళ్లయ్యాక అతను తాగుబోతు ఎలా అవుతాడమ్మా? చేర్చుకో, పరవాలేదు" అన్నాడాయన.

ఆమె కూడా అలాగే అనుకుంది.

*

మొదటి రోజులు పండగలా గడిచాయి. త్రినాథ్ కాఫీ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని, ఒక్కో గుక్కకీ ఆగేవాడు. ఇందుజ నవ్వేముందు ముక్కు ఎగబీలుస్తుందని కనిపెట్టి, దాన్ని అనుకరించి పిల్లని ఏడిపించాడు. ఒక ఉదయం హైమవతి జడ వేసుకుంటుంటే వెనక నిలబడి చూస్తూ ఉండిపోయాడు.

"ఏంటండీ అలా చూస్తారు?"

"నీ మెడ మీద పుట్టుమచ్చ ఉంది."

"పెళ్లినాటి నుంచీ ఉంది."

"ఉండొచ్చు. నేను ఇవాళే చూశాను."

నలభై దాటిన వయసులో సిగ్గుపడ్డందుకు ఆమెకే నవ్వొచ్చింది.

ఇస్త్రీపెట్టె గూట్లోకి వెళ్లిపోయింది. ఒకటి రెండు రోజులు బల్ల ముందు నిలబడి, "ఇవన్నీ ఎందుకు చేసేవాణ్ణి? మసిగుడ్డకి ఇస్త్రీ ఏమిటి?" అని తనలో తను అనుకుని వదిలేశాడు. హైమవతి లోలోపల సంతోషించింది. ఇప్పుడు సాయంత్రాలు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవచ్చు.

కాని ఆ సాయంత్రాలే ఏదోలా ఉండేవి. దీపాలు పెట్టే వేళకి త్రినాథ్ కాలు నిలిచేది కాదు. బాల్కనీలోకి వెళ్లేవాడు, వచ్చేవాడు. ఫ్రిజ్ తలుపు తీసి, లోపల ఏమీ తీసుకోకుండా మూసేవాడు. మాట మధ్యలో లేచి చెప్పులు వేసుకునేవాడు, మళ్లీ విప్పేవాడు.

"ఎక్కడికైనా వెళ్లాలా?" అని అడిగింది ఒకసారి.

"లేదు. ఊరికే. చేతులు ఊరుకోవడం లేదు."

ప్రతిదీ కొత్తగా కనబడే మనిషికి ఆ మాత్రం హుషారు ఉంటుందని సరిపెట్టుకుంది.

*

ల్యాబుకి ప్రతివారం వచ్చేవాళ్లలో సన్యాసమ్మ ఒకరు. పెదవాల్తేరులో ఇడ్లీ బండి నడుపుతుంది. పరీక్షకి ఒప్పుకునేటప్పుడు, "బతుకంతా గానుగెద్దులా తిరిగీసినాను, ఓపాలి కళ్లు తెరిసి సూద్దారని" అంది. మొదటి వారాలు ఆమె హుషారు చూసి అందరూ ముచ్చటపడ్డారు. ఈసారి వచ్చినప్పుడు మాత్రం కుర్చీలో ముడుచుకుని కూర్చుంది.

"ఏమైంది సన్యాసమ్మా?"

"మా ఆయన పోయి నాలుగేళ్లమ్మా. అప్పుడు ఏడిసి ఏడిసి, ఆకరికి ఊరుకున్నాను. ఇప్పుడు ఈ బిళ్ల ఎట్టినాక రోజూ పొద్దున్న లెగిసీసరికి పక్క కాళీగా కనబడతాది. ఇయాలే పోనాడన్నట్టు గుండె జారిపోతాది. రోజూ అదే. నానెన్నిసార్లు ఏడవాలి?"

హైమవతి పెన్ను పక్కన పెట్టింది. పక్క ఖాళీగా ఉండటం కూడా ఒక అలవాటేనని, అది కుదురుకోబట్టే ఈమె పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించగలుగుతోందని ఎప్పుడూ అనుకోలేదు. లేచి, సన్యాసమ్మ చెవి వెనక బిళ్లని మెల్లగా ఊడదీసింది.

సుందర్రావు గారికి అది నచ్చలేదు. "ఒకామె ఏడిస్తే తీసేస్తామా? మిగతావాళ్లు ఎంత సంతోషంగా ఉన్నారో చూడు. వచ్చే నెలలో ఇంకో వందమందిని తీసుకుంటున్నాం. ఇప్పుడు వెనకడుగు వెయ్యకు."

"వెనకడుగు కాదు సార్, ఆగి చూద్దామంటున్నాను."

"ఆగి చూసే పని మన బిళ్లది" అని ఆయన నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు. కాని ఇంటికొచ్చి త్రినాథ్ బిళ్ల తియ్యాలని కూడా తోచలేదు. ఆ ఉదయమే అతను ఆమె పుట్టుమచ్చ మీద ముద్దు పెట్టుకున్నాడు.

*

అది జరిగిన రోజు హైమవతి స్నానాల గదిలో ఉంది. తలుపు తీసింది ఇందుజ.

"అమ్మా!" అని పిల్ల పిలిచిన పిలుపు మామూలుగా లేదు. హైమవతి తడి జుట్టుతోనే బయటికొచ్చింది. త్రినాథ్ గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆ వాసన హాలంతా నిండింది. ఇందుజకి ఆ వాసన తెలీదు. తండ్రికి ఏదో జబ్బు చేసిందనుకుని అతని భుజం కింద చెయ్యి వేసి నిలబెట్టడానికి పెనుగులాడుతోంది.

"నాన్నకి కళ్లు తిరుగుతున్నాయమ్మా, డాక్టర్ని పిలువు!"

"డాక్టరొద్దు. నువ్వు లోపలికెళ్లు."

"పడిపోతాడమ్మా!"

"వెళ్లమన్నానా!"

త్రినాథ్ కూతురి ముఖంలోకి చూస్తూ ఉన్నాడు. తాగిన మనిషి కళ్లు మసకబారుతాయి. అతని కళ్లు మాత్రం ఆ స్థితిలో కూడా విప్పారి, పిల్ల ముఖంలో భయం ఎలా కదులుతోందో ఒక్కొక్క గీతా చూస్తున్నాయి. బిళ్ల తన పని తాను చేస్తూనే ఉంది. హైమవతి ముందు దాన్ని పీకి పారేసింది. తర్వాత అతన్ని పడుకోబెట్టింది.

తెల్లారాక అతను బాల్కనీలో కూర్చున్నాడు. ఆమె కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. తిట్టాలని రాత్రంతా పోగుచేసుకున్న మాటలు నోటికి రాలేదు.

"ఎందుకండీ?" అంది.

"కారణం ఏమీ లేదు. అదే కదా నీకు చెప్పలేకపోతున్నాను" అన్నాడు. "యార్డు నుంచి వచ్చి బస్సు దిగాను. ఎదురుగా మద్యం దుకాణం ఉంది. రోజూ ఉంటుంది. ఇన్నేళ్లూ ఆ పక్కకి నా తల తిరగలేదు. కాళ్లు ఇంటికొచ్చేవి, ఒంటి మీద నీళ్లు పడేవి, చేతికి ఇస్త్రీపెట్టె వచ్చేది. అది చల్లారేసరికి ఆ వేళ దాటిపోయేది."

హైమవతి కప్పు కింద పెట్టింది. "ఇస్త్రీ... అందుకా?"

"మొదట్లో చేతులు వణికేవి. వేడి పెట్టె పట్టుకుంటే వణక్కూడదు కదా, కాలుతుంది. అందుకని పట్టుకున్నాను. తర్వాత ఎందుకు పట్టుకున్నానో నాకే గుర్తులేదు. బట్టలు శుభ్రంగా ఉంటాయని అనుకునేవాణ్ణి." కాఫీ ఒక గుక్క తాగాడు. "బిళ్ల పెట్టాక ప్రతి సాయంత్రం ఆ దుకాణం కొత్తగా కనబడింది. ఆ లైట్లు, ఆ సీసాల రంగులు. రోజూ మొదటిసారి చూస్తున్నట్టే. రోజూ మొదటిసారి వద్దనుకోవాలి. నిన్న అనలేకపోయాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అంత సంతోషంగా ఉన్నావు. నేనూ ఉన్నాను హైమా. మిగతా రోజంతా నిజంగానే బాగుండేది."

ఆమె అతని చేతిని అందుకోబోయి ఆగింది. ఏళ్ల తరబడి ఆ "ఊఁ" విని పళ్లు నూరుకున్న గంటన్నర, ప్రతి సాయంత్రం, ఈ మనిషి తన ఇంటిని కాపాడుకుంటున్నాడు. చదివిన చదువంతా మెదడు గురించే, పక్క గదిలో ఉన్న మెదడు ఏం చేస్తోందో తెలుసుకోలేకపోయింది.

*

బిళ్ల తీసేస్తే అన్నీ సర్దుకుంటాయనుకుంది. పళ్లు తోముకోవడం, షూ లేసులు కట్టుకోవడం మూడునాలుగు రోజుల్లో వెనక్కి వచ్చాయి. యార్డులో వైర్లు కలిపే ఒడుపు కూడా వచ్చింది. ఇస్త్రీ రాలేదు. గూట్లోంచి పెట్టె తీసి బల్ల మీద పెట్టారు. త్రినాథ్ నాలుగు చొక్కాలు చేసి, పెట్టెని నిలబెట్టి, కిటికీలోంచి వీధివైపు చూస్తూ నిలబడిపోయాడు. ఇప్పుడు అది చొక్కాల పనే, అంతకుమించి ఏమీ కాదు.

ఎందుకో ఆమెకి నెమ్మదిగా అర్థమైంది. మిగతా అలవాట్లు ఒంటికి హాయిగా ఉండేవి గనక తేలిగ్గా తిరిగొచ్చాయి. ఇది ఒంటి కోరికకి అడ్డంగా, ఏళ్ల తరబడి, వణికే చేతులతో బిగించుకున్న ముడి. తాగాలన్న దాహం అసలు ఆ మూటల్లో లేదు, వాటన్నిటి కింద ఉంది. ఆమె తీసేసింది దాని మీది మూతని. మళ్లీ బిగించాలంటే మళ్లీ అన్నేళ్లు కావాలి.

ఆమె సెలవు పెట్టి సాయంత్రాలు అతనితోనే ఉండసాగింది. యార్డు గేటు దగ్గరకి వెళ్లి తీసుకొచ్చేది. ఇద్దరూ వీధులు తిరిగేవారు, కూరగాయలు కొనేవారు, అక్కర్లేకపోయినా అల్మరాలు సర్దేవారు. ఇందుజకి అన్నీ చెప్పారు. పిల్ల రెండు రోజులు తండ్రితో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, "మళ్లీ తాగుతావా?" అని అడిగింది. "తెలీదురా" అన్నాడు. అబద్ధం చెప్పనందుకు పిల్ల ఇంకా ఎక్కువ ఏడ్చింది.

ఈలోగా వందమంది కొత్తవాళ్ల పేర్లు ఖాయమయ్యాయి. హైమవతి సుందర్రావు గారి గదికి వెళ్లింది.

"సార్, పాత వ్యసనం ఉన్నవాళ్లు, ఇంట్లో చావు చూసినవాళ్లు, వీళ్లందరికీ ఇది ప్రమాదం. అలాంటిది లేనివాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది దొరుకుతారు? ఆపుదాం."

"నీ ఇంటి బాధ నాకు అర్థమైందమ్మా. దాన్ని ల్యాబులోకి తేకు."

"ఇంట్లోకి తెచ్చింది ల్యాబునే సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఈ బిళ్ల కోసం ఆమెకి కావలసిందల్లా సమకూర్చి, రెండుసార్లు మూతపడబోయిన ల్యాబుని నిలబెట్టినవాడు. "నువ్వు నైతిక సంఘానికి ఫిర్యాదు చేస్తే పరీక్ష ఆగుతుంది. నీ పని కూడా ఆగుతుంది. భర్తని ఎందుకు చేర్చుకున్నావని ముందు నిన్నే అడుగుతారు. ఆలోచించుకో."

"ఆలోచించే వచ్చాను" అంది. మెట్లు దిగి నేరుగా వెళ్లి నైతిక సంఘానికి ఫిర్యాదు రాసి ఇచ్చింది.

*

సంఘం సమావేశం అనుకున్నదాని కంటే చాలా సాగింది. ఐదుగురు పెద్దమనుషులు అడిగిందే అడిగారు. మీ భర్త అని తెలిసే చేర్చుకున్నారా? వ్యసనం సంగతి తెలిసే? ఆమె అన్నిటికీ అవునంది. కిటికీలోంచి ఎండ గోడ మీదికి ఎక్కి, ఎర్రబడి, పోయింది. యార్డు విడిచే వేళ దాటిపోయింది. ఆఖరికి పరీక్ష ఆపాలని, విచారణ పూర్తయ్యేదాకా ఆమె ల్యాబులో అడుగుపెట్టకూడదని చెప్పారు. ఆమె సగం విని సగం వినకుండా బయటపడి ఆటో ఎక్కింది.

ఇల్లు తాళం వేసి ఉంది. ఫోన్ చేస్తే త్రినాథ్ ఫోను లోపల మోగుతోంది. ఇందుజ కూడా లేదు.

హైమవతి వీధిలోకి పరిగెత్తింది. బస్టాపు వైపు మలుపు తిరగగానే మద్యం దుకాణం లైట్లు కనబడ్డాయి. కౌంటరు ముందు మగవాళ్లు గుంపుగా తోసుకుంటున్నారు. ఒక్కొక్క వీపూ చూసుకుంటూ వెళ్లింది. నీలం చొక్కా. కాదు. పొడుగు మనిషి. కాదు.

"అమ్మా, ఇటు!"

రోడ్డుకి ఇవతల బస్టాపు బల్ల మీద తండ్రీ కూతురూ కూర్చుని ఉన్నారు. హైమవతి వాళ్ల ముందుకొచ్చి నిలబడి ఊపిరి పీల్చుకుంది. ముందు అతని నోటి దగ్గరి గాలి వాసన చూసింది. ఆ పని దాచుకోలేదు. అతను తల తిప్పుకోలేదు.

"ఇంకెక్కడా చోటు దొరకలేదా మీకు? దీని ఎదురుగానా?"

"నాన్న ఇక్కడ కూర్చున్నాడు. ట్యూషన్ నుంచి వస్తూ చూశాను. ఇంటికెళ్లిపొమ్మన్నాడు, నేనే వెళ్లలేదు" అంది ఇందుజ.

త్రినాథ్ నుదురంతా చెమట పట్టి ఉంది. మోకాలు ఆగకుండా ఆడుతోంది. "నువ్వు రాలేదు. ఇంటికెళ్లాలంటే దీని ముందునుంచే వెళ్లాలి. దాటలేనేమో అనిపించింది. అందుకని ఇక్కడే కూలబడ్డాను." నుదురు తుడుచుకున్నాడు. "ఇన్నేళ్లూ నేను వద్దని ఒక్కసారి కూడా అనలేదు హైమా. అనాల్సిన అవసరం రాకుండా చూసుకున్నాను. ఇవాళ అంటున్నాను. కూర్చున్నప్పట్నుంచీ అంటూనే ఉన్నాను."

"ఎలా ఉంది?"

"ఏం బాగుంటుంది! ఒళ్లంతా చీమలు పాకుతున్నట్టుంది." అంతలోనే, "నీ మీటింగు?" అని అడిగాడు.

"ఆపేశారు. నన్ను కూడా."

అతను దుకాణం వైపు చూసి, కళ్లు దింపుకున్నాడు. అప్పుడే బస్సొకటి వచ్చి ఆగింది. త్రినాథ్ చటుక్కున లేచాడు.

"ఎక్కుదాం."

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా. ఇంకో నిమిషం ఇక్కడుంటే రోడ్డు దాటేస్తాను."

ముగ్గురూ ఎక్కారు. బస్సు కదిలాక కండక్టరు వచ్చి, "ఎక్కడికండీ?" అన్నాడు. హైమవతి త్రినాథ్ వైపు చూసింది, అతను ఇందుజ వైపు చూశాడు.

"ఇదెక్కడిదాకా వెళ్తుంది?" అంది ఇందుజ.

"భీమిలి."

"అక్కడికే. మూడు."

కండక్టరు వాళ్లని ఎగాదిగా చూసి టికెట్లు ఇచ్చాడు. ఎడమవైపు ఇళ్లు, కుడివైపు చీకట్లో సముద్రం. త్రినాథ్ ఎడమవైపు కిటికీ పక్కన, ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. అతని వేళ్ల కణుపులు తెల్లబడి ఉండటం, చొక్కా కాలరు మీద ఇస్త్రీ మడత లేకపోవడం, ఊపిరి తీసుకునేముందు పెదవి కొద్దిగా బిగియడం హైమవతికి కనబడుతున్నాయి. ఆమె చెవి వెనక బిళ్ల లేదు. అయినా ఈ మనిషి నుంచి చూపు తిప్పుకోవడం ఆమె వల్ల కావడం లేదు.

తర్వాతి స్టాపు పక్కనే ఇంకో దుకాణం, ఇంకో గుంపు. బస్సు ఆగగానే త్రినాథ్ సీట్లోంచి లేచాడు. ఇందుజ తల్లి వైపు చూసింది. హైమవతి చెయ్యి ముందుకు కదిలి, దారిలోనే ఆగింది. అతన్ని పట్టుకోలేదు.

ఇద్దరు దిగారు, ఒకతను ఎక్కాడు. విజిల్ మోగింది. త్రినాథ్ నిలబడే ఉన్నాడు.

"జరుగమ్మా," అన్నాడు ఇందుజతో. "నువ్వు కిటికీ పక్కకి వెళ్లు. నేనిటు కూర్చుంటాను."